చెమట వాసనకి నేను చేసే పనులు

నేను ఖమ్మం–ఇల్లందు రూట్లో పల్లె వెలుగు కండక్టర్‌ని. నిండిన బస్సులో పైన రాడ్ పట్టుకుని టికెట్లు కొడుతుంటే, నా చంక సరిగ్గా కూర్చున్నవాళ్ల ముఖం దగ్గరికి వస్తుంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక రద్దీ ఇంకా పెరిగింది. ఒకరోజు ఒక పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆ ట్రిప్పంతా చెయ్యి ఎత్తాలంటే ప్రాణం పోయినట్టయింది. స్ప్రేలు వాడదామంటే నాకు దద్దుర్లు వస్తాయి.

తర్వాత తెలిసింది, చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన ఉండదట. చంకలో ఉండే బ్యాక్టీరియా ఆ చెమటని తిని వదిలేదే కంపు. అంటే సెంటు పూసి కప్పెయ్యడం కాదు, ఆ సూక్ష్మజీవులకి తడి, మురికి దొరక్కుండా చెయ్యాలి.

నన్ను నిలబెట్టింది పటిక. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే రాయి అదే. కిరాణా కొట్లో అడిగేటప్పుడు పటికబెల్లం ఇచ్చేస్తారు, చూసుకోండి; అది తినే కలకండ. స్నానం అయ్యాక రాయిని తడిపి, ఒక్కో చంకలో నాలుగైదుసార్లు మెల్లగా రుద్దండి. రెండు మూడు నిమిషాలు చేతులు ఎత్తి ఆరనిచ్చి, అప్పుడే బట్టలు వేసుకోండి. రాయిని కడిగి, తుడిచి పెట్టండి, తడిగా వదిలేస్తే కరిగిపోతుంది. చెమట పడుతుంది, కానీ వాసన బాగా తగ్గుతుంది. వెంట్రుకలు తీసిన రోజు మాత్రం వద్దు, మండుతుంది. పటిక కూడా అల్యూమినియం లవణమే. అల్యూమినియం అసలు వద్దనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

స్నానంలో చంకలు సబ్బుతో ప్రత్యేకంగా రుద్దాలి, తువ్వాలుతో పూర్తిగా తుడవాలి. ఆదివారం నేను పెసరపిండిలో చిటికెడు పసుపు కలిపి రుద్దుకుంటా. వెంట్రుకలు కత్తిరించుకుంటే చెమట నిలవదు.

చాలామంది వదిలేసేది బట్టల సంగతి. ఉతికిన కుర్తా వేసుకున్న అరగంటకే, ఒంటి వేడి తగలగానే పాత వాసన లేస్తుందా? అది మీ ఒంటిది కాదు, గుడ్డలో మిగిలిపోయింది. పాలిస్టర్‌లో ఇది మరీ ఎక్కువ. నేను తిరగేసి, అర బకెట్ నీళ్లలో పావు కప్పు తెల్ల వెనిగర్ వేసి అరగంట నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతుకుతా. తిరగేసే ఎండలో ఆరేస్తా. లోపల కాటన్ తప్ప వేసుకోను.

నిమ్మచెక్క రుద్దమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. నిమ్మరసం మీద ఎండ తగిలితే చర్మం కాలి మచ్చపడుతుంది. వంటసోడా నేను వారం వాడాను, చంక ఎర్రగా పొక్కిపోయింది.

తిండి విషయంలో పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్న మర్నాడు తేడా నాకే తెలుస్తుంది. ఎండాకాలం డ్యూటీ రోజుల్లో తగ్గిస్తా. ఉన్నట్టుండి వాసన మారినా, రాత్రిళ్లు పక్క తడిసేలా చెమట పట్టినా చిట్కాలు ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.

ఇప్పుడు నా బ్యాగులో చిన్న స్టీలు డబ్బాలో పటిక, రెండు నాప్కిన్లు, ఒక కాటన్ కుర్తా ఉంటాయి. ఇల్లందు బస్టాండులో దిగగానే చంకలు నీళ్లతో కడుక్కుని, తుడుచుకుని, పటిక రాసుకుని తిరుగు ట్రిప్పు ఎక్కుతా.