నమ్మదగిన సిస్టమ్స్, 4వ పాఠం: బ్యాకప్ ఉంది కదా అనుకుంటే

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క దగ్గర చాలామంది బోల్తాపడ్డారు. ఒక సర్వర్ పడిపోయే అవకాశం నూటికి ఒకటైతే, రెండు పెడితే రెండూ కలిసి పడిపోయే అవకాశం పదివేలకు ఒకటి అని గుణించి పంపారు. ఆ గుణకారం చెల్లాలంటే ఒకటి చెడిపోవడానికీ ఇంకొకటి చెడిపోవడానికీ సంబంధం ఉండకూడదు, ఆ షరతు ఎవరూ రాయలేదు. అందుకే వాచ్‌డాగ్ టైమర్ల (సిస్టమ్ బిగుసుకుపోతే పసిగట్టి రీసెట్ చేసేవి) పాఠం వచ్చేసారికి వాయిదా.

రెండూ కలిసి పోకుండా వేరే పవర్ సప్లయ్, వేరే గది వగైరా జాగ్రత్తలు మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

సాఫ్ట్‌వేర్ అరిగిపోయి చెడిపోదు. తప్పు మొదటి రోజు నుంచే లోపల కూర్చుని, తనకు సరిపడే ఇన్‌పుట్ కోసం చూస్తుంటుంది. ఒకే కోడ్ రెండు మెషీన్లలో పెట్టి ఒకే ఇన్‌పుట్ ఇస్తే రెండూ ఒకే చోట పడతాయి, అంతే. 1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఏరియన్ 5 మొదటి ప్రయోగంలో, దిశ లెక్కగట్టే యూనిట్‌లో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే కోడ్ ఉంది, అందులో 32,767 దాటితే పట్టదు. పాత రాకెట్ ఏరియన్ 4లో ఆ విలువ ఎప్పుడూ అంత పెరగలేదు కాబట్టి కోడ్‌ను అలాగే తెచ్చిపెట్టారు, కొత్త రాకెట్ దారి వేరు, విలువ దాటిపోయింది. ముందు అదే కోడ్ ఉన్న బ్యాకప్ యూనిట్ ఆగింది, సెకనులో పదోవంతు కూడా గడవకుండానే అసలుదీ అదే కారణంతో ఆగింది. అది పంపిన ఎర్రర్ డేటాను ప్రధాన కంప్యూటర్ నిజమైన కొలతలనుకుని ఇంజిన్ నాజిల్స్‌ను (మంట చిమ్మే గొట్టాలను) పూర్తిగా వంచేసింది. ఒళ్లు మండేదేమిటంటే, రాకెట్ లేచాక ఆ లెక్క అవసరమే లేదు!

వేర్వేరు టీములతో రాయిస్తే? స్పేస్ షటిల్‌లో నాలుగు కంప్యూటర్లలో ఒకే సాఫ్ట్‌వేర్, ఐదోదానిలో విడిగా రాసినది ఉండేది. మేలే, కానీ 1986లో నైట్, లెవెసన్ అనే పరిశోధకులు ఒకే ప్రోగ్రామ్‌ను 27 మందితో విడివిడిగా రాయించి పరీక్షిస్తే, ఒకే ఇన్‌పుట్‌కు కలిసి తప్పడం గుణకారం చెప్పిన దానికంటే బాగా ఎక్కువగా కనిపించింది. కష్టమైన చోట అందరూ ఒకేలా తడబడతారు. నేనైతే రెండోదాన్ని చిన్నగా, మొద్దుగా పెడతాను: హద్దు దాటిందా లేదా చూసి, దాటితే సురక్షితంగా ఆపడం ఒక్కటే దాని పని. ఆపడమే ప్రమాదమైన చోట, గాల్లో ఉన్న విమానంలాంటి వాటిలో, ఇది పనికిరాదు.

అభ్యాసం: మీ సిస్టమ్‌లో అసలుకీ బ్యాకప్‌కీ ఉమ్మడిగా ఉన్నవన్నీ రాయండి. సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు, సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు, గడియారం, అప్‌డేట్ స్క్రిప్ట్, రెండింటి పాస్‌వర్డూ తెలిసిన ఒకే మనిషి. ఇరవై రాకపోతే ఇంకా వెతకండి. తర్వాత ఒక్కొక్కటిగా కావాలనే పాడుచేసి, ఏది ముందు ఆగిందో టైముతో సహా రాసి పంపండి. టెస్ట్ మెషీన్ల మీదే చేయండి, నడుస్తున్న సిస్టమ్ జోలికి వెళ్లొద్దు.