మానసిక వైద్యం మొదలుపెడుతున్నారా? మాత్ర మీ అంతట మీరు ఆపకండి

మొన్న కార్తీకంలో మా వీధి కుర్రాడొకడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. అంతకు నాలుగు నెలల ముందే ఒక ప్రైవేటు క్లినిక్‌లో బైపోలార్ (అతి హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) అని చెప్పి లిథియం మాత్ర మొదలుపెట్టారు. కుదురుకున్నాడు, డ్యూటీకి కూడా వెళ్తున్నాడు. దీక్షలో మందులు మింగకూడదని ఎవరో అంటే ఆపేశాడు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, రాత్రి భజనలు, మూడు గంటల నిద్ర. మూడో వారానికి ఊరందరికీ అన్నదానం చేస్తానని అప్పులు చేయడం మొదలుపెట్టాడు. అడ్డొచ్చిన తండ్రి మీద చెయ్యి చేసుకున్నాడు. ఇరుముడి కట్టకుండానే ఆస్పత్రిలో చేరాడు. "నయమైపోయింది కదా అనుకున్నాం బాబూ" అని వాళ్లమ్మ నా కౌంటర్ ముందు కూర్చుని ఏడ్చింది.

నేను మందుల షాపు పెట్టి పదిహేడేళ్లు. నెల మందు కొని, రెండో నెల కనబడకుండా పోయేవాళ్లను ఎంతమందినో చూశాను. మా గురుస్వామి షుగర్ మాత్ర, బీపీ మాత్ర వేసుకుంటూనే మండలం రోజులూ దీక్ష చేస్తారు. వాటికి లేని అభ్యంతరం ఈ మాత్రకెందుకు? మళ్లీ మాలల రోజులు, పెళ్లిళ్ల రోజులు వస్తున్నాయి. కొత్తగా వైద్యం మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

వెళ్లే ముందు

మందు రాసేది సైకియాట్రిస్ట్. ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసి ఉంటారు. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. వారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. బోర్డు మీద కౌన్సెలర్ అని మాత్రమే ఉంటే ఏం చదివారో అడగండి, మొహమాటం వద్దు.

ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదంతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. రోగితో ఒకే ఇంట్లో ఉండే మనిషి తోడు వెళ్లాలి.

మొదటి రోజు

మొదటిసారి చాలాసేపు మాట్లాడతారు. తర్వాతి విజిట్లు పది, పదిహేను నిమిషాల్లో అయిపోతాయి. పట్టించుకోవడం లేదని బాధపడకండి. నిద్ర, ఆకలి, మద్యం, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నీ అడుగుతారు. చచ్చిపోవాలనిపించిందా అని కూడా సూటిగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది దాస్తేనే ప్రమాదం. తోడొచ్చినవాళ్లను కాసేపు బయటకు పంపమని రోగి అడగొచ్చు. థైరాయిడ్ తేడా కూడా డిప్రెషన్‌లాగే కనబడుతుంది కాబట్టి రక్తపరీక్ష రాస్తే చేయించండి.

ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలుపు రాకుండా, అతి హుషారుగా, విపరీతంగా ఖర్చు పెట్టిన రోజులు ఉంటే తప్పకుండా చెప్పండి. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం ఎగదోయవచ్చు. గర్భం ఉన్నా, అనుకుంటున్నా ముందే చెప్పండి. కొన్ని మందులు బిడ్డకు హాని చేస్తాయి.

మాత్రలు

అసలు సంగతి ఇక్కడే ఉంది. డిప్రెషన్ మాత్రలతో వికారం, తలనొప్పి, కంగారు మొదటి వారంలోనే వస్తాయి. గుణం కనబడటానికి రెండు వారాలు, పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చెడు ముందొస్తుంది, మంచి వెనక వస్తుంది. ఆ మధ్యలో, పదో రోజున, జనం ఆపేస్తారు.

ఆపేసేవాళ్లలో ఇంకో రకం ఉంది. చీటీలో రెండు మాత్రలుంటాయి. క్లోనజిపామ్ లాంటిది మొదటి రాత్రే నిద్ర పట్టిస్తుంది. దాన్ని సాధారణంగా కొద్ది వారాలకే ఇస్తారు. జనం అసలు మందు వదిలేసి "ఆ చిన్న మాత్ర ఒక్కటే ఇవ్వన్నా" అంటారు. ఉండాల్సింది పోయి, పోవాల్సింది ఉండిపోతుంది. ఆ చిన్న మాత్ర అలవాటైపోతుంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. చీటీ లేకుండా నేనివ్వను, తిట్టుకున్నా సరే.

ఇక మూడో రకం, ఆ కుర్రాడిలా బాగైపోయి ఆపేసేవాళ్లు. బాగున్నది మాత్ర వల్లే. డిప్రెషన్ మొదటిసారి వచ్చినవాళ్లకే, బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపాల్సి వస్తే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, నిద్ర పట్టకపోవడం మామూలు. లిథియం ఉన్నపళంగా ఆపితే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ.

మీ అంతట మీరు ఆపకండి.

పాతికేళ్ల లోపు వాళ్లకు మందు మొదలైన తొలి వారాల్లో కంగారు పెరిగినా, చావు మాటలు వచ్చినా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. మాత్రలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉంచండి. పురుగుల మందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి. ఈ రోజే.

లిథియం వాడేవాళ్లు రక్తంలో దాని మోతాదు పరీక్ష తప్పించకూడదు. నీళ్లు తాగకుండా ఉపవాసం వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే డాక్టరుకు చెప్పండి. ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అడక్కండి, అవి లిథియం మోతాదు పెంచుతాయి. చేతులు బాగా వణికినా, నడక తూలినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు మింగకండి.

మద్యం తాగకండి. మత్తుగా ఉంటే బండి తీయకండి.

పెళ్లి కుదిరిందని ఆపకండి. అత్తారింటికి తెలుస్తుందని ఆపకండి. దిష్టి తీయించుకోండి, తాయెత్తు కట్టించుకోండి, మాత్ర మాత్రం ఆపకండి.

మీ వైద్యం రికార్డులు అడిగి తీసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చింది. గోప్యత హక్కు కూడా అందులోదే. అడ్మిట్ చేయాలంటే, ఆ ఆస్పత్రికి రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి.

ఫీజు భరించలేక ఆపడం కూడా ఆపడమే. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులూ ఉన్నాయి. చీటీ పట్టుకుని అక్కడికి వెళ్లండి.

రాత్రి పూట డాక్టరు దొరక్కపోతే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఐదు రోజుల మాత్రలు మిగిలి ఉండగానే షాపుకు రండి. లేని మందు తెప్పించాలంటే మాకు రెండు రోజులు పడుతుంది.