జాజ్ వినడం, 5వ పాఠం: 32 బార్లు, కాస్త శ్రుతి తేడా

కిందటి పాఠంలో బేస్‌ని (కింది స్వరాలు పలికే పెద్ద తీగ వాయిద్యం) పట్టుకుని పాట వెంట నడవడం సాధన చేశాం. అది అలవాటయ్యాకే ఇది మొదలుపెట్టండి. ఈసారి కావలసింది ఒకే ఆల్బమ్: 1959లో వచ్చిన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. ఎల్పీ అయినా సరే, సీడీ అయినా సరే.

మొదటి ట్రాక్ 'సో వాట్' పెట్టండి. మొదట్లో పియానో, బేస్ తాళం పట్టింపు లేకుండా మెల్లగా మాట్లాడుకుంటాయి. అక్కడ లెక్క వద్దు. తర్వాత పాల్ చాంబర్స్ బేస్ మీద ఒక ప్రశ్న వేస్తాడు. దానికి రెండే రెండు కార్డ్‌లతో (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి పలికించడం) జవాబొస్తుంది. లెక్క మొదలయ్యేది ఇక్కడే. బార్‌కి నాలుగు దెబ్బలు. ఏ బార్‌లో ఉన్నామో మర్చిపోకుండా ఇలా లెక్కపెట్టండి: 'ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు...' ఎనిమిది దాకా వెళ్తే ఒక భాగం పూర్తయినట్టు. ఆ భాగం రెండుసార్లు వస్తుంది. మూడోసారి అదే బాణీ అర స్వరం పైకి జరుగుతుంది. నాలుగోసారి మళ్లీ మొదటి చోటికి దిగుతుంది. మొత్తం 32 బార్లు. ఈ చుట్టునే కోరస్ అంటారు.

ఒక కోరస్ అయ్యాక డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) మీద గట్టి దెబ్బ ఒకటి వేస్తాడు, మైల్స్ అందుకుంటాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఈ ట్రాక్ ఎన్నిసార్లయినా వినొచ్చు. ఒక్కొక్కరి సోలో ఇలా: ట్రంపెట్ మీద మైల్స్‌కి రెండు కోరస్‌లు, శాక్సఫోన్‌ల మీద జాన్ కోల్ట్రేన్‌కి రెండు, కానన్‌బాల్ ఆడర్లీకి రెండు, పియానో మీద బిల్ ఇవాన్స్‌కి ఒకటి. కోల్ట్రేన్ దగ్గర లెక్క తప్పడం మామూలే, టెన్షన్ పడకండి. ట్రాక్‌ని వెనక్కి తిప్పకండి కూడా. బాణీ అర స్వరం పైకి జరిగే చోటు కోసం కాచుకుని, అక్కడ 'ఒకటి' అంటూ మళ్లీ అందుకోండి. ఆ మలుపు చెవికి దొరికిందంటే వేళ్లతో లెక్కపెట్టే అవసరం క్రమంగా పోతుంది.

ఇక కలెక్షన్ సంగతి. ఎల్పీ మొదటి వైపున్న మూడు పాటలూ 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో రికార్డయ్యాయి. ఆ రోజు మాస్టర్ టేప్ (రికార్డులు అచ్చువేయడానికి వాడే అసలు టేప్) మెషిన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేప్‌ని మామూలు వేగంతో ఆడిస్తే పాట వేగం, శ్రుతి రెండూ పెరుగుతాయి. రెండో వైపు పాటలు ఏప్రిల్ 22న చేసినవి, వాటికి ఈ తేడా లేదు. దశాబ్దాల పాటు ఎల్పీలు ఇలాగే అచ్చయ్యాయి. అదే రోజు సరైన వేగంతో నడిచిన రెండో మెషిన్ టేప్ వాడి 1990లలో దీన్ని సరిచేశారు. 1997 రీమాస్టర్ సీడీలో (పాత టేప్ నుంచి కొత్తగా తయారుచేసినది) సరైన శ్రుతే ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు: చివర్లో 'ఫ్లమెంకో స్కెచెస్' మరో టేక్ (అదే పాటని ఇంకోసారి వాయించిన రికార్డింగ్) ఆరో ట్రాక్‌గా ఉంటుంది.

మీ పాత ఎల్పీని ఇంట్లోనే పరీక్షించొచ్చు, ఫోన్‌లో కీబోర్డ్ యాప్ చాలు. ముందు రెండో వైపు 'ఆల్ బ్లూస్' పెట్టి, బేస్ వరస మొదలయ్యే స్వరాన్ని యాప్‌లోని జి (G) స్వరంతో పోల్చండి. కలిస్తే మీ టర్న్‌టేబుల్ వేగం సరిగ్గా ఉన్నట్టే. కలవకపోతే ముందు దాన్ని సరిచేసుకోండి, లేకపోతే తప్పు ఎవరిదో తేలదు. తర్వాత మొదటి వైపు 'సో వాట్' పెట్టి డి (D) స్వరం నొక్కి చూడండి. పాత ప్రెస్సింగ్ (అప్పట్లో అచ్చువేసిన కాపీ) అయితే రికార్డ్ స్వరం కాస్త పైన నిలబడి యాప్‌తో రాసుకుంటుంది.

కొత్తగా సేకరించేవాళ్లు తొలి ప్రెస్సింగ్ కోసం డబ్బు పోయడం నాకు నచ్చదు. గీతలు పడిన తొలి ప్రెస్సింగ్ కంటే శుభ్రంగా ఉన్న రీఇష్యూ (తర్వాత మళ్లీ విడుదల చేసిన కాపీ) మీద నేర్చుకునేది ఎక్కువ. కానీ ఒకే ఆల్బమ్ రెండు కాపీలు కొనడం వృథా అని మాత్రం అనను. తేడా చెవికి వినిపించాలి, అంతే షరతు. ఈ ఆల్బమ్ పాత ఎల్పీ ఒకటి, 1997 సీడీ ఒకటి పక్కపక్కన ఉంటే, ఇంకో కొత్త ఆల్బమ్ కొన్నదాని కంటే మీ చెవికే ఎక్కువ లాభం.

వచ్చే పాఠం లోపు 'సో వాట్'ని రోజుకొకసారి మొదటినుంచి చివరిదాకా లెక్కతో వినండి. ఆ తర్వాత లెక్క మానేసి, మూడో భాగం వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తండి. కోల్ట్రేన్ సోలోలో రెండుసార్లూ సరిగ్గా ఎత్తగలిగితే ఆరో పాఠానికి రండి. అందులో ఎల్పీ చివరి పాటకీ లేబుల్‌కీ మధ్య నున్నటి చోట చెక్కిన అంకెలు, అక్షరాలు చదవడం చూద్దాం.