బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత నడుము నొప్పిని ఎలా తగ్గించుకోవాలి?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారిలో చాలామంది, ఒంటి బరువు దిగితే నడుము నొప్పి కూడా దానంతట అదే పోతుందని ఆశిస్తారు. ఎక్కువమందికి అది తగ్గుతుంది కూడా. కొందరికి మాత్రం ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకు, అదీ బరువు చక్కగా తగ్గుతున్న రోజుల్లోనే, నడుము పట్టేయడం మొదలవుతుంది. విజయవాడ సూర్యారావుపేటలో ఫిజియోథెరపీ చేస్తూ ఇలాంటివారిని ఏళ్ల తరబడి చూస్తున్నాను. నా దగ్గరకు వచ్చేసరికే వారు నడుముకు బెల్టు బిగించుకుని, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు మింగుతూ, పగలంతా మంచం మీదే గడుపుతూ ఉంటారు. ఈ మూడింటివల్లా మేలు కన్నా కీడే ఎక్కువ కనుక, ఏ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నొప్పి ఎందుకు వస్తుందో ముందు తెలియాలి. ఏళ్ల తరబడి పొట్ట బరువు ముందుకు లాగుతూ ఉండటంవల్ల నడుము వెనక్కి వంగి నిలబడటానికి అలవాటు పడి ఉంటుంది. ఆ బరువు కొద్ది నెలల్లోనే దిగిపోయినా నిలబడే తీరు వెంటనే మారదు. పైగా కరిగేది కొవ్వు ఒక్కటే కాదు. తగినంత ప్రోటీన్, వ్యాయామం లేనప్పుడు కండ కూడా కరుగుతుంది. పొత్తికడుపు లోపలి పొరలో నడుమును చుట్టి ఉండే కండరం అప్పటికే సాగి బలహీనపడి ఉంటుంది కాబట్టి, భారమంతా వెన్ను మీద పడుతుంది.

మొదట: అది నడుము నొప్పేనా?

వంగినప్పుడో, ఎక్కువసేపు కూర్చున్నప్పుడో పెరిగి, భంగిమ మార్చినప్పుడు తగ్గే నొప్పి సాధారణంగా కండరాలదీ కీళ్లదీ అయి ఉంటుంది. ఎలా పడుకున్నా మారని నొప్పిని అనుమానించాలి. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో భుజాల దగ్గర, వీపు పైభాగంలో వచ్చే నొప్పికి తరచుగా ఆపరేషన్ సమయంలో పొట్టలోకి పంపిన వాయువే కారణం. లేచి నడుస్తుంటే అది తగ్గుతుంది. దానికి జ్వరం, ఆయాసం, గుండె దడ తోడైతే మాత్రం లోపలి కుట్టు దగ్గర లీకయ్యే ప్రమాదం ఉంది కనుక వెంటనే సర్జన్‌ను కలవాలి. బరువు వేగంగా తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. ఆ నొప్పి కుడి డొక్క కింద మొదలై వీపులోకి, కుడి రెక్క ఎముక కిందకు పాకుతుంది. నడుము పక్క నుంచి గజ్జల్లోకి దిగే నొప్పి కిడ్నీలో రాయివల్ల కావచ్చు. బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్న సంచిగా చేసి పేగుకు కలిపే బరువు తగ్గే ఆపరేషన్) చేయించుకున్నవారికి ఆ ముప్పు ఎక్కువ; గుక్కెడు గుక్కెడుగా తప్ప నీళ్లు తాగలేని స్థితిలో బెజవాడ ఎండలు గడిపేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా వ్యాయామాల జోలికి పోకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

రెండోది: మాత్రలు

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, ముఖ్యంగా బైపాస్ చేయించుకున్నవారిలో, పొట్టనూ పేగునూ కలిపిన చోట పుండు పుట్టించగలవు. అది రక్తస్రావానికీ, చిల్లు పడటానికీ దారితీయవచ్చు. స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసే రకం ఆపరేషన్) చేయించుకున్నవారు కూడా సర్జన్‌ను అడగకుండా వీటిని వాడకూడదు. ఇంజెక్షన్ అయితే ఏమీ కాదనుకోవడం పొరపాటు, ఎందుకంటే మందు రక్తం ద్వారా వెళ్లినా పొట్ట మీద దాని ప్రభావం ఉంటుంది. షాపులో "నడుము నొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే పారాసిటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిపిన మాత్ర చేతికి రావచ్చు కనుక, అట్ట వెనుక ఉన్న పేర్లన్నీ చదవాలి. పారాసిటమాల్ ఒక్కటే ఉన్న మాత్రను, డాక్టరు చెప్పిన మోతాదులో వాడుకోవచ్చు.

మూడోది: పొత్తికడుపు కండరాన్ని మేల్కొలపడం

ఒక చాప, మడిచిన దుప్పటి, పలుచని దిండు చాలు. నేల మీదకు దిగలేనివారు చెక్క మంచం మీద చేయవచ్చు. మెత్తటి పరుపు మీద చేయకూడదు. పొద్దున్నే, ఏమీ తాగకముందే చేయాలి. సర్జన్ అనుమతి ఇచ్చాకే మొదలుపెట్టాలి. సాధారణంగా దానికి నాలుగు వారాలు పడుతుంది.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. తుంటి ఎముక ముందుకు పొడుచుకు వచ్చే మొన దగ్గర నుంచి వేళ్లను రెండు అంగుళాలు లోపలికి, కాస్త కిందికి జరిపి మెల్లగా నొక్కండి. చిన్నగా దగ్గితే వేళ్ల కింద ఏదో ఎగిరినట్టు తెలుస్తుంది. మీరు వెతుకుతున్న చోటు అదే. ఇప్పుడు ఊపిరి మామూలుగా పీల్చుకుని, నెమ్మదిగా వదులుతూ, బొడ్డు కింది భాగాన్ని మాత్రమే లోనికి తీసుకోండి. చీర కుచ్చిళ్లు దోపుకునేటప్పుడు పొట్ట ఎంత లోనికి పోతుందో, అందులో సగం చాలు. వేళ్ల కింద మెల్లగా బిగువు రావాలి. గట్టి ముద్ద పైకి లేవకూడదు. ఆ బిగువును నిలుపుతూ పైకి వినబడేలా అయిదు వరకు లెక్కపెట్టి వదిలేయండి. ఇలా పదిసార్లు చేయాలి.

చదవడానికి సులువుగానే ఉన్నా, దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే. అన్నిటికంటే పెద్ద తప్పు ఊపిరి బిగబట్టడం. ఊపిరి ఆగితే పొట్ట లోపలి ఒత్తిడి పెరిగి, ఆపరేషన్ కోసం పెట్టిన చిన్న కోతల దగ్గర హెర్నియాకు దారితీయవచ్చు. పైగా పనిచేయాల్సిన కండరం బదులు పై కండరాలు బిగుసుకుంటాయి. పైకి లెక్కపెట్టమన్నది ఇందుకే, మాట వస్తున్నంతసేపూ ఊపిరి ఆగదు. లెక్క మనసులో పెట్టుకుంటానంటే నేను ఒప్పుకోను.

రెండో తప్పు బలం చూపించడం. పక్కటెముకలు పైకి లేచినా, పిరుదులు బిగుసుకున్నా, నడుము నేలకు అదుముకున్నా మీరు ఎక్కువ చేస్తున్నట్టే. అన్నీ వదిలేసి, సగం బలంతో మళ్లీ మొదలుపెట్టండి. సరిగ్గా చేసినప్పుడు పక్కన కూర్చుని చూసేవారికి మీరు ఏదైనా చేస్తున్నట్టే కనిపించదు.

మూడోది బరువు బాగా తగ్గినవారికే ఎదురయ్యే చిక్కు. చర్మం వదులుగా వేలాడుతున్నప్పుడు ఆ చర్మం కదలికనే కండరం కదలికగా పొరబడతారు. చర్మాన్ని పైకి జరిపి పట్టుకుని, వేళ్లను మరికొంచెం లోతుగా నొక్కి చూడాలి. తొలి వారం బిగువు ఒక పక్కనే తెలిసినా కంగారు పడనక్కర్లేదు, రెండో పక్క నెమ్మదిగా కలుస్తుంది.

దీని బదులు బెల్టు పెట్టుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. కండరం చేయాల్సిన పనిని నెలల తరబడి బెల్టు చేస్తుంటే ఆ కండరం బలపడే అవకాశమే ఉండదు. సర్జన్ ప్రత్యేకంగా చెప్తే తప్ప బెల్టు వద్దు. నూనె మర్దన హాయినిస్తుంది, కానీ ఆ హాయి సాయంత్రానికి పోతుంది. ఫోన్‌లో వీడియోలు చూసి తల, భుజాలు పైకెత్తే సిట్-అప్స్ చేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. లోపలి పొర మేలుకోకముందే బయటి పొరను బాదడంవల్ల వాళ్ల నడుము మరింత పట్టేస్తుంది.

రెండు వారాలకు ఇది అలవాటయ్యాక, అదే బిగువును నిలుపుతూ ఒక్కో మడమను నేల మీద ముందుకు జార్చి వెనక్కి తేవాలి. ఆ తర్వాత పిరుదులను కొద్దిగా పైకెత్తి దించాలి. లేచేటప్పుడు నేరుగా కాకుండా పక్కకు తిరిగి, చేతి ఊతంతో లేవాలి.

మిగిలినవి

నడక రోజూ ఉండాలి, ఎండాకాలంలో ఏడు గంటలలోపే ముగించాలి. విజయవాడలో రాఘవయ్య పార్కు, గుంటూరులో గాంధీ పార్కు వంటి చదునైన చోట్లు మంచివి. అరగంట ఒకేసారి నడవలేకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి.

పళ్లెంలో ముందు తినవలసినది ప్రోటీన్. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటుంది కనుక రెండు ఇడ్లీలతో కడుపు నింపుకుంటే కండ నిలవదు. గుడ్డు, చేప, చికెన్, పనీర్, పెసరట్టు ముందు తిని, చోటు మిగిలితేనే అన్నం తినాలి. కాల్షియం, విటమిన్ డి, బి12 జీవితాంతం వేసుకోవలసినవే. కాల్షియానికీ ఐరన్‌కూ మధ్య కనీసం రెండు గంటల తేడా ఉండాలి. బైపాస్ అయినవారికి కాల్షియం సిట్రేట్ రూపం మేలు.

తొలి ఆరు వారాలు అయిదు కిలోలకు మించి ఎత్తకూడదు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్, గ్యాస్ సిలిండర్ అయితే వ్యాయామం బాగా కుదిరాక కూడా ఇంకొకరికే వదిలేయండి. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కుతామని మొక్కుకున్నవారు, ఇంట్లో రెండంతస్తులు నొప్పి లేకుండా ఎక్కి దిగగలిగే వరకు ఆ మొక్కును వాయిదా వేసుకోవాలి. దిగేటప్పుడే నడుముకు కుదుపు ఎక్కువ. ఏ బరువు ఎత్తినా, ఎంత చిన్నదైనా, ముందు పొత్తికడుపు బిగించి, ఊపిరి వదులుతూ, మోకాళ్లు వంచి ఎత్తాలి.

ఆరు వారాలు రోజూ చేసినా నొప్పి తగ్గకపోతే, లేదా కాలిలోకి దిగితే, ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. ఏ ఆపరేషన్ జరిగిందో, ఎప్పుడు జరిగిందో రాసిన డిశ్చార్జి కాగితాన్ని వెంట తీసుకెళ్లి, మందులు రాయకముందే చూపించండి.