ఎండలు ముదిరేలోపు గుండ్రటి అద్దం సంగతి చూడండి

వేసవి వస్తోందంటే విజయవాడలో కొత్త కుండ కొంటాం, కూలర్ దులుపుతాం. ఈసారి గడ్డం గీసుకునే అద్దం ఎక్కడుందో కూడా చూడండి. ఒకవైపు మామూలుగా, రెండోవైపు ముఖాన్ని పెద్దదిగా చూపే అద్దం ఉంటుందే, అది. ఆ రెండోవైపు పుటాకార దర్పణం, అంటే లోపలికి వంగిన అద్దం. పోయిన వేసవిలో మా తూర్పు కిటికీ కర్టెన్ మీద కాఫీరంగు మచ్చ పడితే ఇస్త్రీ పెట్టెను తిట్టుకున్నాం. తప్పు అద్దానిది.

ముఖం నాభి (సమాంతరంగా వచ్చిన కిరణాలు అద్దం మీద పడి తిరిగొచ్చి కలిసే చోటు) కంటే అద్దానికి దగ్గరగా ఉన్నంతసేపు ప్రతిబింబం నిటారుగా, పెద్దదిగా అద్దం వెనుక కనిపిస్తుంది. అది మిథ్యా ప్రతిబింబం, కాగితం మీద పట్టలేం. సూర్యుడి సంగతి వేరు. అంత దూరం నుంచి సమాంతరంగా వచ్చిన కిరణాలు నాభి దగ్గర నిజంగానే కలిసి, అక్కడొక చిట్టి సూర్యుణ్ణి నిలబెడతాయి. నాభ్యంతరం, అంటే అద్దం నుంచి నాభికి ఉన్న దూరం, 50 సెం.మీ. అయితే ఆ చిట్టి సూర్యుడి వ్యాసం 5 మి.మీ. లోపే. అద్దం వెడల్పు 15 సెం.మీ. అనుకుంటే, లెక్క ప్రకారం ఎండ దాదాపు వెయ్యి రెట్లు చిక్కబడుతుంది. బజారు అద్దాల వంపు అంత కచ్చితంగా ఉండదు కాబట్టి అంత రాదు. గుడ్డ కమలడానికి అందులో కొంత చాలు.

మిట్టమధ్యాహ్నం గురించి బెంగ వద్దు. మే మొదటి వారంలో ఇక్కడ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, కిటికీలోకి దూరడు. ఉదయం తూర్పు కిటికీ, సాయంత్రం పడమటి కిటికీ చూసుకోవాలి. వాడనప్పుడు అద్దాన్ని బోర్లించండి, లేదా గుడ్డ కప్పండి. వడియాల రోజుల్లో డాబా మీద తళతళలాడే స్టీలు బేసిన్లనూ వెల్లకిలా వదలకండి.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఇంకో మాట. నాభ్యంతరం కొలవడానికి సూర్యుడే అక్కర్లేదు. అద్దంలో సూర్యుణ్ణి అసలే చూడనివ్వకండి, కళ్లు పోతాయి. ఎండ పడని కిటికీకి ఎదురుగా అద్దం నిలిపి, ముందు చిన్న కాగితం ముక్కను అటూ ఇటూ జరపమనండి. కిటికీలోంచి కొండ కనిపించే ఇల్లయితే ఇంద్రకీలాద్రి తలకిందులుగా కాగితం మీద దిగుతుంది. అద్దానికీ కాగితానికీ మధ్య దూరమే దాదాపు నాభ్యంతరం.

బండికి బిగించే కుంభాకార దర్పణం, అంటే బయటికి ఉబ్బిన అద్దం, కాంతిని చెదరగొడుతుంది, దేన్నీ కాల్చదు. కానీ అందులో అన్నీ చిన్నవిగా కనిపిస్తాయి, వెనుక లారీ ఇంకా ఎక్కడో ఉందనిపిస్తుంది. బెంజి సర్కిల్ దగ్గర పక్కకు తిరిగేముందు ఒకసారి తల తిప్పి చూడండి.