మెషిన్ స్క్రూ పెట్టగానే ముందుకు తిప్పకండి

మెషిన్ స్క్రూ తనంతట తాను మర (మెలికల గాడి) కోసుకోదు. నట్టులోనో, ట్యాప్ (లోపల మర కోసే పనిముట్టు) కొట్టిన రంధ్రంలోనో ఉన్న మరలోకే ఎక్కుతుంది. అందుకే ముందు వేళ్లతో ఎడమవైపు మెల్లగా తిప్పండి. ఒకచోట 'టిక్'మని చిన్నగా దిగుతుంది. అక్కణ్నుంచి కుడివైపు తిప్పాలి. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే వెళ్లాలి. బిగుసుకుందంటే మర అడ్డంగా పడినట్టే, వెనక్కి తీసేయండి. స్క్రూడ్రైవర్‌తో బలవంతం చేస్తే, ముఖ్యంగా అల్యూమినియంలో, మర కొట్టుకుపోతుంది.

ఎం4కి (4 మి.మీ. వ్యాసం స్క్రూకి) సాధారణంగా పిచ్, అంటే పక్కపక్క మరల మధ్య దూరం, 0.7 మి.మీ., ట్యాప్‌కి ముందు వేసే డ్రిల్ 3.3 మి.మీ. స్టీల్‌లో స్క్రూ వ్యాసమంత లోతున, అల్యూమినియంలో దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు మర పట్టాలి.

స్క్రూ పొడవు పాన్ హెడ్‌కి (తల పైకి ఉండేదానికి) తల కింద నుంచి కొలుస్తారు, కౌంటర్‌సంక్‌కి (తల లోపలికి దిగిపోయేదానికి) తలతో కలిపి. చాలామంది పొట్టివి కొనేసేది ఇక్కడే.