మిరపకోతల డేరాల్లో పిల్లల పళ్ళు: ఒక్క సీజన్‌లో చేయగలిగింది

జనవరి వచ్చేసరికి కర్నూలు వైపు నుంచి మిరపకోతలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు పొలాలకు దిగుతాయి. ఇటుక బట్టీలకు ఒడిశా వాళ్ళొస్తారు. పిల్లలూ వెంటే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) అనే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం కింద బళ్ళలో, అంగన్‌వాడీల్లో పిల్లల పళ్ళు కూడా చూస్తారు. కానీ పేరు సొంతూరి రిజిస్టర్లో ఉంటుంది, పిల్లవాడు ఇక్కడ డేరాలో ఉంటాడు. రెండుచోట్లా తప్పిపోతాడు. అందుకే టీచర్లయినా అంగన్‌వాడీ వాళ్ళయినా డేరా దగ్గరికే వెళ్ళాలి.

కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట పగలు పిలిస్తే ఎవరూ రారు, రాకపోవడం వాళ్ళ తప్పూ కాదు. సాయంత్రం కాటా అయ్యాక, పొయ్యి వెలిగించేలోపు వెళ్ళండి. ముందురోజే మేస్త్రీకి చెప్పాలి గానీ, ఒప్పుకోవాల్సింది తల్లి. ఒడియా కుటుంబాలైతే రెండు భాషలూ వచ్చిన పెద్దమనిషిని పక్కన పెట్టుకోండి. చిన్నపిల్లలతో అనువాదం చేయించొద్దు, సగం మాట మింగేస్తారు.

మూడేళ్ళలోపు బిడ్డను చూడాలంటే తల్లి, మీరు మోకాళ్ళు ఆనేలా ఎదురెదురుగా కూర్చోండి. బిడ్డ తల్లి ఒళ్ళో ఆమెకేసి తిరిగి కూర్చుని, మెల్లగా వెనక్కి వాలి మీ ఒళ్ళో తల పెట్టాలి. పైపెదవి ఎత్తి, శుభ్రమైన గుడ్డతో పళ్ళు తుడిచి, టార్చి వేయండి. తుడవకపోతే పాచి కింద ఉన్నది కనపడదు. పై ముందుపళ్ళ మీద, చిగురు అంచున సున్నంలా తెల్లటి గీత ఉంటే అది పుచ్చుకు మొదలు. ఈ దశలో పేస్టుతో, తిండి మార్పుతో ఆపవచ్చు. గోధుమరంగు గుంట పడితే డాక్టర్ పని. కనిగిరి లాంటి ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఎడమవైపు, కుడివైపు ఒకే రకం పళ్ళ మీద జతగా మచ్చలుండి, గుంట లేకపోతే అది ఫ్లోరోసిస్ కావచ్చు. దాన్ని పుచ్చు అని రాయకండి.

ఆరేళ్ళ పిల్లలకు ఆఖరి పాలపన్ను వెనకాల చూడండి. అక్కడ మొలిచేది శాశ్వత దవడపన్ను. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి ‘పాలపన్నే, ఊడిపోతుందిలే’ అని వదిలేస్తారు. అది పోతే మళ్ళీ రాదు.

పేస్టు లేబుల్ మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం దరిదాపుల్లో ఉండాలి. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత. రోజుకు రెండుసార్లు, రాత్రిది తప్పకూడదు. ఏడెనిమిదేళ్ళ దాకా పెద్దవాళ్ళే తోమాలి. నురగ ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు. నీళ్ళకు కరువున్న డేరాలో ఈ మాట ఇట్టే పట్టుకుంటారు. ఇటుకపొడి, బొగ్గు పంటిని అరగదీస్తాయి. ఒడిశా ఇళ్ళలో పళ్ళకు రుద్దుకునే గుడాఖు కనిపిస్తే అది పొగాకు అని నెమ్మదిగా చెప్పండి, పిల్లలు చూసి నేర్చుకుంటారు.

అమ్మానాన్న చేలో ఉంటే పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు ఉంటుంది. తిన్నది ఎంత అన్నదానికన్నా ఎన్నిసార్లు అన్నదే పంటికి ముఖ్యం. కొరికిన ప్రతిసారీ అరగంట దాకా నోట్లో ఆమ్లం ఉంటుంది. ప్యాకెట్టు మానేయమంటే కుదరదు. మధ్యాహ్నం అన్నంతోపాటు ఒక్కసారే పెట్టమనండి. పడుకునేటప్పుడు సీసాలో పాలు, టీ వద్దు.

గుంటపడ్డ పళ్ళకు డ్రిల్లు, ఇంజెక్షన్ లేకుండా పనికొచ్చేది పుచ్చును ఆపే మందు, 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో పిల్లల దంత విభాగాన్ని ముందే కలిసి, డాక్టర్ డేరాకు రాగలరేమో అడగండి. పన్ను ఆరబెట్టి, చిగురుకు వాజలిన్ రాసి, ఒక్క చుక్క అద్దుతారు. పుచ్చిన చోట శాశ్వతంగా నల్లబడుతుంది. ఇది ముందే ఫొటో చూపించి చెప్పకపోతే, ‘పళ్ళు పాడుచేశారు’ అని మర్నాటికల్లా డేరాలన్నీ చెప్పుకుంటాయి, ఇంకెవరూ నోరు తెరవరు. చీముపట్టిన పంటికి ఇది వేయరు.

బుగ్గ వాచి జ్వరమొచ్చినా, కంటి కిందకు వాపు పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) తీసుకెళ్ళండి. నొప్పి పంటి మీద మాత్ర గానీ జర్దా గానీ పెట్టనివ్వొద్దు, చిగురు కాలిపోతుంది.

సిల్వర్ మందు ఆరు నెలలకు మళ్ళీ వేయాలి. అప్పటికి పిల్లవాడు సొంతూళ్ళో ఉంటాడు. ఏ పన్నుకు, ఏ తేదీన, మళ్ళీ ఎప్పుడు అన్నది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దక్షరాలతో రాసి, టీకాల కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లి చేతికివ్వండి.